ఇళ్ల పక్కన బస్సు డిపో: అనుమతి ఇచ్చే ముందు ఏం చూస్తారు, మీరు ఏం అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ ప్రహరీ వెనుక ఉన్న ఖాళీ స్థలంలో 60 బస్సులు నిలిపే డిపో కట్టడానికి ఒక రవాణా సంస్థ దరఖాస్తు చేసింది. స్థానిక సంస్థ నుంచి నోటీసు వచ్చింది, మూడు వారాల్లో బహిరంగ విచారణ ఉంది. దీన్ని ఆపగలమా? అధికారులు దేన్ని చూసి నిర్ణయిస్తారు? వీధి వాళ్లంతా సంతకాలు చేసిన వినతిపత్రం సరిపోతుందా? కొన్నేళ్లలో అన్నీ విద్యుత్ బస్సులే అవుతాయని వాళ్లు అంటున్నారు, అప్పుడు ఇబ్బంది ఉండదు కదా?

సూటిగా చెబుతాను. డిపోను పూర్తిగా ఆపడం అరుదు. అది ఎన్ని గంటలకు, ఏ గేటు నుంచి, ఎన్ని బస్సులతో నడవాలో మార్చడం మాత్రం మీ చేతిలో ఉంది. సంతకాల కాగితం ఆ మార్పు తేలేదు. విద్యుత్ బస్సులు సగం సమస్యను తీసేసి, ఇంకో రకం సమస్యను తెస్తాయి.

నేను చాలాకాలం టౌన్ ప్లానింగ్ విభాగంలో ఇలాంటి దరఖాస్తులను పరిశీలించాను. తర్వాత దరఖాస్తుదారుల తరఫున నివేదికలూ రాశాను. బల్లకు రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి ఏ అభ్యంతరానికి అధికారి కలం తీస్తాడో, దేనికి మర్యాదగా తల ఊపి ఊరుకుంటాడో చూశాను.

మీరు ముందుగా తెలుసుకోవాల్సింది, వాళ్లు అడుగుతున్నది ఏ రకం అనుమతి అన్నది. పేర్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కానీ రకాలు దాదాపు మూడు. ఆ జోన్‌లో డిపోను నిబంధనలే నేరుగా అనుమతిస్తుంటే అధికారులు కొలతలు, ఖాళీ వదిలిన దూరాలు, అగ్నిమాపక దారి సరిచూసి సంతకం పెట్టాల్సిందే. మీకు నచ్చలేదన్నది అక్కడ లెక్కలోకి రాదు. రెండోది షరతులతో అనుమతించే వినియోగం. ఇందులో చుట్టుపక్కల వారిపై ప్రభావాన్ని తూచే అధికారం కమిటీకి ఉంటుంది. మూడోది భూ వినియోగ మార్పు. ఇది ఎన్నికైన ప్రతినిధుల చేతిలో ఉంటుంది, కాబట్టి రాజకీయ ఒత్తిడికి తావున్నది ఇక్కడే. మీకు నోటీసు వచ్చింది, విచారణ పెట్టారు కాబట్టి మీది రెండోదో మూడోదో అయ్యుంటుంది. ఊహించుకోకుండా కార్యాలయానికి వెళ్లి ఫైలు చూడండి. నోటీసు కాగితంలో ఉండేది ఫైలులో పదో వంతు కూడా ఉండదు.

ఫైలు చేతికి రాగానే అందరూ సైట్ ప్లాన్ తెరుస్తారు. నేను మాత్రం ముందు నిర్వహణ వివరణ వెతికేవాణ్ని. రోజు మొత్తంలో ఏ గంటకు ఎన్ని బస్సులు బయటికి వెళ్తాయి, ఎన్ని తిరిగి వస్తాయి, డీజిల్ ఎప్పుడు పడతారు, కడగడం ఎప్పుడు, మరమ్మతు ఎప్పుడు అన్న పట్టిక అందులో ఉండాలి. లేకపోతే దరఖాస్తు అసంపూర్ణమని మీరు రాతపూర్వకంగా చెప్పవచ్చు. ఒక్కోసారి ఆ ఒక్క మాటతోనే విచారణ వాయిదా పడుతుంది. మీకు సమయం చిక్కుతుంది.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, డిపో పగటిపూట దాదాపు ఖాళీగా ఉంటుంది. బస్సులన్నీ రోడ్ల మీదే ఉంటాయి. స్థల పరిశీలనకు అధికారులు పదకొండు గంటలకు వస్తారు, దరఖాస్తుదారులు వాళ్లకు అలాంటి ఇంకో డిపోను చూపించి "ఇదిగో, ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి" అంటారు. అసలు డిపో తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు వరకు, మళ్లీ రాత్రి తొమ్మిది తర్వాత కనిపిస్తుంది. మీరు కూడా ఇప్పటికే నడుస్తున్న ఏదైనా డిపో బయట ఆ వేళల్లో ఒకసారి నిలబడి రండి. ఏ శబ్దాలు వస్తాయో రాసుకోండి. ఇంజిన్ హోరు కంటే ఎయిర్ బ్రేకు వదిలినప్పటి బుస్సుమన్న చప్పుడు, రివర్స్ అలారం, ఎవరినో పిలిచే మైకు ఎక్కువ చికాకు పెడతాయని మీకే తెలుస్తుంది.

శబ్దం నివేదికలో సగటును చూసి మోసపోవద్దు. చిన్న లెక్క చెబుతాను. మీ కిటికీ బయట పది సెకన్ల పాటు 80 డెసిబెల్‌ల చప్పుడు వచ్చి, ఆ గంటలో మిగతా సమయమంతా నిశ్శబ్దంగా ఉందనుకోండి. గంట సగటు సుమారు 54 వస్తుంది. అదే ఒక్క చప్పుడును 24 గంటలకు పరిస్తే సుమారు 41కి దిగిపోతుంది. నివేదికలో 41 అని అందంగా కనిపిస్తుంది, మీరు మాత్రం నాలుగున్నరకు లేచి కూర్చుంటారు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో పడకగదికి రెండు అంకెలు విడివిడిగా ఇచ్చింది: రాత్రి సగటు 30 డెసిబెల్‌లు, ఒక్కో చప్పుడు గరిష్ఠంగా 45. కొంచెం తెరిచిన కిటికీ 15 డెసిబెల్‌ల మేర తగ్గిస్తుందని లెక్క వేస్తారు కాబట్టి, ఇంటి బయట గరిష్ఠం 60 దాటకూడదని దీని అర్థం. యూరప్ కోసం 2009లో వెలువరించిన రాత్రి శబ్ద మార్గదర్శకాల్లో బయట రాత్రి సగటు 40 అని పెట్టారు. ఇవి మీ ఊళ్లో చట్టం కాకపోవచ్చు. అయినా "గంటవారీ గరిష్ఠ స్థాయి ఎంత? ఏ కిటికీ దగ్గర లెక్కించారు?" అని అడగడానికి ఇవి చాలు. నా అనుభవంలో కన్సల్టెంట్లు ఇబ్బందిగా కదిలే ప్రశ్న ఇదే.

ఇంకో రెండు సూత్రాలు గుర్తుంచుకోండి. ఒకే చోటి నుంచి వచ్చే శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒకే రకం ఇంజిన్లు ఒకటికి పది నడిస్తే 10 డెసిబెల్‌లు పెరుగుతుంది. కాబట్టి మీ ప్రహరీకి 10 మీటర్లలో ఉన్న వరుసను 40 మీటర్లకు జరిపితే 12 డెసిబెల్‌ల లాభం. ఇంత లాభం తక్కువ ఖర్చుతో ఏ గోడా ఇవ్వదు.

గోడ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి విచారణలోనూ ఎవరో ఒకరు "పెద్ద గోడ కట్టించండి" అంటారు, దరఖాస్తుదారు వెంటనే సంతోషంగా ఒప్పుకుంటాడు. ఆ సంతోషాన్ని చూసి అనుమానించాలి. శబ్దం పుట్టే చోటుకూ మీ చెవికీ మధ్య చూపును గోడ అడ్డుకుంటే దాదాపు 5 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఆపై ప్రతి అదనపు మీటరుకు ఒకటిన్నర చొప్పున వస్తుంది. మేడ మీది గది నుంచి బస్సు పైకప్పు కనిపిస్తోందంటే ఆ గదికి గోడ వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. గేటు కోసం వదిలిన ఖాళీ గుండా వచ్చే చప్పుడు సరేసరి. చెట్లు కంటికి చల్లగా ఉంటాయి, నాటించుకోండి, కానీ చెవికి తేడా తెలియాలంటే దట్టమైన తోపు 30 మీటర్ల మందం ఉండాలి. రెండు వరుసల మొక్కలు ఏ శబ్దాన్నీ ఆపవు.

నేను పరిశీలించిన ఒక దరఖాస్తులో నివాసితులు మూడు మీటర్ల గోడ అడిగారు. మేడల మీద ఉండేవాళ్లకు అది అక్కరకు రాదని చెప్పి, గోడ బదులు వర్క్‌షాపు భవనాన్నే ఇళ్ల వైపుకు తిప్పి, దాని వీపు ఇళ్లకు, తలుపులు లోపలికి పెట్టమని సూచించాము. కడిగే చోటు, డీజిల్ బంకు ఆ భవనం చాటుకు వెళ్లాయి. దరఖాస్తుదారుకు అదనంగా ఒక్క ఇటుక ఖర్చు కాలేదు. భవనాన్నే అడ్డుగా వాడుకోవడం గీత దశలో తేలిక, పునాది పడ్డాక అసాధ్యం. అందుకే ఈ మూడు వారాలు ముఖ్యం.

రివర్స్ అలారం గురించి. దాన్ని ఆపేయమని అడగవద్దు. అది లేకపోతే ఆవరణలో పనిచేసేవాళ్ల ప్రాణాలకు ముప్పు, ఏ అధికారీ ఒప్పుకోడు. బస్సు వెనక్కి వెళ్లాల్సిన అవసరమే లేకుండా నిలిపే వరుసలు గీయమని అడగండి. ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు నుంచి ముందుకే వెళ్లిపోయే ఏటవాలు వరుసలు అన్నమాట. స్థలం కొంచెం ఎక్కువ పడుతుంది, బస్సులు కొన్ని తగ్గుతాయి. అందుకే అడగనిదే ఎవరూ గీయరు. తప్పనిసరిగా రివర్స్ చేయాల్సిన చోట, కీచుమనే ఒకే స్వరం బదులు గాలి వీచినట్టు సుయ్‌మనే అలారాలు ఉన్నాయి. వెనుక నిలబడ్డ మనిషికి బాగా వినిపిస్తాయి, దూరం వెళ్లేకొద్దీ కలిసిపోతాయి.

తెల్లవారుజామున బస్సును స్టార్ట్ చేసి కదల్చకుండా అలా ఉంచడానికి డ్రైవరు నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. రాత్రంతా ఆగిన బస్సులో బ్రేకుల గాలి పీడనం తగ్గిపోతుంది. అది మళ్లీ నిండేదాకా బస్సు కదలకూడదు. "ఇంజిన్ అయిదు నిమిషాలకు మించి నడపరాదు" అని షరతు రాసి ఊరుకుంటే, గాలి కారే పాత బస్సులతో అది మొదటి వారంలోనే గాలికి పోతుంది. నిలిపే ప్రతి చోటికీ బయటి నుంచి గాలి గొట్టం, విద్యుత్ కనెక్షన్ ఇచ్చే ఏర్పాటు ఉంటే ఇంజిన్ నడపకుండానే పీడనం నింపవచ్చు. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, మంచి డిపోల్లో ఉన్నదే. పొగ విషయంలోనూ ఈ ఏర్పాటే ఎక్కువ మేలు చేస్తుంది. డీజిల్ పొగను 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. కొత్త ఇంజిన్లలో నైట్రోజన్ ఆక్సైడ్‌లను తగ్గించే పరికరం సరిగా పనిచేయాలంటే పొగ దాదాపు 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కాలి. చల్లటి ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు అంత వేడి రాదు. అంటే ఎంత కొత్త బస్సైనా మీ గోడ పక్కన నిలబడి ఉన్న ఆ కాసేపు మురికిగానే ఉంటుంది. "మా బస్సులన్నీ తాజా ప్రమాణాలవే" అన్న జవాబు వస్తే ఈ మాట అడగండి.

ఇక గేటు. నా దృష్టిలో మొత్తం ఫైలులో అన్నిటికంటే విలువైన గీత ఇదే, నివాసితులు అన్నిటికంటే తక్కువ మాట్లాడేదీ దీని గురించే. సాయంత్రం బస్సులు గుంపుగా తిరిగి వస్తాయి. డీజిల్ పట్టే చోట, కడిగే చోట వరుస కడతాయి. ఆ వరుస లోపల సరిపోకపోతే మీ వీధిలోకి వస్తుంది. 12 మీటర్ల బస్సుకు ముందూ వెనుకా ఖాళీతో కలిపి 14, 15 మీటర్లు కావాలి. నాలుగు బస్సులు ఆగాలంటే గేటు దాటాక 60 మీటర్ల దారి ఉండాలి. ప్లాన్‌లో స్కేలు పెట్టి కొలవండి. అలాగే మలుపు: 12 మీటర్ల బస్సు తిరగడానికి యూరప్ నిబంధనలు బయటి వ్యాసార్ధం 12.5 మీటర్లుగా తీసుకుంటాయి. వీధికి రెండు వైపులా కార్లు నిలిపి ఉంటే మీ మలుపులో అంత చోటుందా? బస్సు మలుపు తిరిగే దారిని ప్లాన్ మీద గీసి చూపించమని, అది కూడా ఇప్పుడు నిలుపుతున్న బండ్లను చూపిస్తూ గీయమని అడగండి.

ఒక విచారణలో నివాసితులు గంటసేపు కాలుష్యం గురించి ఆవేశంగా మాట్లాడారు. కమిటీ సభ్యులు వింటూ కాగితాల మీద బొమ్మలు గీసుకున్నారు. చివర్లో ఒకావిడ ఒక పేజీ ఇచ్చింది. గేటుకూ తన పడకగదికీ దూరం ఎంత, మొదటి గంటలో ఎన్ని బస్సులు బయటికి వస్తాయి, స్థలానికి రెండో వైపు పెద్ద రోడ్డు ఉండగా గేటు ఇటు ఎందుకు పెట్టారు? ఇవి తప్ప అందులో ఏమీ లేవు. దరఖాస్తుదారు దగ్గర జవాబు లేదు. ఇటు వైపు నేల ఎత్తు కలిసి రావడం వల్ల మట్టి నింపే ఖర్చు తగ్గుతుందన్నదే అసలు కారణం. గేటు మారింది.

డిపోలో పనిచేసేవాళ్ల వాహనాలను ఎవరూ లెక్కించరు. మొదటి బస్సు నాలుగున్నరకు కదలాలంటే డ్రైవరు నాలుగింటికే రావాలి, ఆ వేళకు అతనికి ఎక్కడానికి బస్సు ఉండదు. సొంత బండి మీదే వస్తాడు. షిఫ్టు మారే వేళకు వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు ఇద్దరి బండ్లూ ఒకేసారి ఉంటాయి. ఆ రెట్టింపుకు లోపల చోటు చూపించకపోతే అవన్నీ మీ గుమ్మం ముందే ఉంటాయి.

60 అన్నది నిజంగా 60యేనా? దీన్ని తేల్చడానికి ప్లాన్‌లో గీతలు లెక్కపెడితే చాలదు. డీజిల్ ట్యాంకు సామర్థ్యం, విద్యుత్ లోడు దరఖాస్తు, సిబ్బంది మరుగుదొడ్ల సంఖ్య, మురుగునీటి లెక్క చూడండి. నా దగ్గరికి వచ్చిన ఒక ఫైలులో నిలిపే చోట్లు 40 ఉన్నాయి, మిగతా లెక్కలన్నీ దానికి రెట్టింపు బస్సులకు సరిపోయేలా ఉన్నాయి. "భవిష్యత్ అవసరాలకు" అన్నారు. పెంచుకోవాలనుకోవడం నేరం కాదు. అయితే ఆ రెట్టింపు మీద ప్రభావాన్ని ఇప్పుడే లెక్కకట్టాలి, లేదా 40కి మించితే కొత్త అనుమతి తీసుకోవాలని షరతు రాయాలి. మీ విషయంలోనూ బస్సుల సంఖ్యపై గరిష్ఠ పరిమితిని అనుమతి పత్రంలోనే అంకెగా రాయించండి.

నీళ్లు, దీపాల గురించి క్లుప్తంగా. బస్సులు కడిగిన నీరు, డీజిల్ పట్టే చోటి నీరు వానకాలువలోకి పోకూడదు, నూనెను వేరుచేసే తొట్టి గుండా వెళ్లాలి. సబ్బు కలిస్తే నూనె నీళ్లలో కలిసిపోయి పైకి తేలదు, కాబట్టి కడిగే నీటికి ఏ శుద్ధి అని విడిగా అడగండి. దీపాలు పైనా పక్కలా మూసిన రకంగా, కాంతి నేల మీదికే పడేలా ఉండాలి. ఇవి సాధారణంగా గొడవ లేకుండా ఒప్పుకునే అంశాలు.

విద్యుత్ బస్సుల మాటకు వస్తే, పొగ పోతుంది, చల్లటి ఇంజిన్ గొడవ పోతుంది. బ్రేకుల గాలి, రివర్స్ అలారం, సిబ్బంది బండ్లు, గేటు వరుస అలాగే ఉంటాయి. రాత్రంతా ఛార్జింగ్ కొత్తగా వస్తుంది. 50 బస్సులు ఒక్కొక్కటి 50 కిలోవాట్‌ల చొప్పున ఒకేసారి ఛార్జ్ అయితే 2.5 మెగావాట్లు. దానికి ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. వాటి సన్నని గూమ్మనే శబ్దం, ఛార్జర్లను చల్లబరిచే ఫ్యాన్ల హోరు రాత్రివేళే ఉంటాయి, గంటల తరబడి ఆగవు. వాటిని ఇళ్లకు దూరంగా ఉన్న మూలలో పెట్టమనాలి. అగ్ని ప్రమాదం గురించి భయపెట్టే మాటలు చాలా తిరుగుతున్నాయి. విద్యుత్ బస్సులు తరచూ అంటుకుంటాయని వాదించకండి, నిలబడదు. దగ్గర దగ్గరగా నిలిపిన చోట ఒక బస్సు మంట పక్కవాటికి పాకుతుంది, ఏ ఇంధనమైనా. 2021 సెప్టెంబర్‌లో జర్మనీలోని స్టట్‌గార్ట్ డిపోలో అలా 25 బస్సులు కాలిపోయాయి. వరుసల మధ్య దూరం, అగ్నిమాపక వాహనం నాలుగు వైపులా తిరిగే దారి, నీటి నిల్వ, ఆ నీరు ఎటు పోతుందన్నది అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, "కొన్నేళ్లలో" అన్న మాట అనుమతి పత్రంలో తేదీగా లేకపోతే దానికి విలువ లేదు. ఇప్పటి పరిశీలన డీజిల్ బస్సులుగానే జరగాలి.

సంతకాల వినతిపత్రం ఇవ్వండి, తప్పు లేదు. ఎంతమందికి పట్టింపు ఉందో తెలుస్తుంది. కానీ ఇళ్ల ధరలు పడిపోతాయి, బయటివాళ్లు వస్తారు, మరో చోటు చాలా ఉంది అన్నవి నిర్ణయానికి ఆధారం కావు. పైగా దరఖాస్తుదారు దగ్గర గట్టి వాదన ఒకటి ఉంటుంది: డిపో దూరమైతే ప్రయాణికులు లేకుండా ఖాళీగా తిరిగే దూరం పెరుగుతుంది, ఆ డీజిలు, ఆ పొగ నగరమంతా భరించాలి. అది నిజమే, అందుకే "ఎక్కడో పెట్టుకోండి" అన్న మాట కమిటీకి ఎక్కదు.

మీ కాగితం ఒక పేజీ, మహా అయితే రెండు. ప్రతి అంశానికీ చోటు, వేళ, కావలసిన షరతు ఉండాలి. "రాత్రిళ్లు శబ్దం వద్దు" అని రాస్తే అధికారి దాన్ని అమలు చేయలేడు. "రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బ్రేకు పరీక్షలు, బాడీ మరమ్మతులు, మైకు వాడకం ఉండవు, ఉదయం 6కు ముందు పడమటి గేటు తెరవరు, డిపో మొదలైన మూడు నెలల్లో ఫలానా ఇంటి కిటికీ దగ్గర తెల్లవారుజామున శబ్దం కొలిచి నివేదిక ఇస్తారు" అని రాస్తే అతను దాన్ని యథాతథంగా ఎత్తి షరతుల్లో పెట్టుకుంటాడు. నేనూ అలాగే ఎత్తి పెట్టేవాణ్ని. విచారణ రోజు వరకు ఆగవద్దు. అధికారి నివేదిక కమిటీకి ముందే వెళ్తుంది, అందులో లేని అంశం విచారణలో రెండు నిమిషాల ప్రసంగంగా మిగిలిపోతుంది. కనీసం వారం ముందు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.

అనుమతి వచ్చాక కూడా పని ఉంటుంది. షరతులతో ఉన్న పత్రం ప్రతి తీసుకోండి, అప్పీలు గడువు ఎప్పటితో ముగుస్తుందో అదే రోజు అడగండి. చాలా చోట్ల ఆ గడువు రోజుల్లో ఉంటుంది, నెలల్లో కాదు. విచారణలో రాతపూర్వకంగా లేవనెత్తని అంశం మీద అప్పీలు చేయనివ్వని చోట్లూ ఉన్నాయి. చాలా చోట్ల షరతులు స్థలానికి కట్టుబడి ఉంటాయి కాబట్టి సంస్థ చేతులు మారినా అవి వర్తిస్తాయి, మీ ఊళ్లో అలా ఉందో లేదో చూసుకోండి. ఒక ఏడాది తర్వాత షరతులను తిరిగి సమీక్షించాలన్న వాక్యం కూడా అడగండి. ఫిర్యాదు చేసేటప్పుడు షరతు సంఖ్య, తేదీ, సమయం, వీలైతే బస్సు నంబరు రాయండి. "రోజూ గోల చేస్తున్నారు" అన్న ఫిర్యాదు ఫైలులో పడుకుంటుంది. "ఏడో షరతు, ఫలానా తేదీ, ఉదయం 4:40, పడమటి గేటు" అన్నదానికి ఎవరో ఒకరు సంజాయిషీ రాయాల్సి వస్తుంది.

నిర్వహణ వివరణ, సైట్ ప్లాన్ దొరికితే గేటు ఎటు ఉందో, మీ ఇల్లు దానికి ఏ వైపు ఉందో కింద రాయండి. షరతుల భాష సరిచూసి చెబుతాను.